ఎడమ చక్రం వెనకాల పగులు

నేను ఒక ఎస్‌యూవీని. ఆ పేరు నా కాగితాల్లో ఉంది కానీ, పదిహేడేళ్ళలో ఆ పేరు పెట్టి నన్ను పిలిచిన నాథుడు లేడు. నర్సీపట్నంలో నన్ను పెద్దబండి అంటారు. ఘాట్ రోడ్డెక్కి చింతపల్లి చేరేసరికి జీపునైపోతాను. అక్కడ నాలుగు చక్రాలుండి మనుషుల్ని ఎక్కించుకునేది ఏదైనా జీపే. నా మీటరు నాలుగు లక్షల ఎనభై ఆరు వేల కిలోమీటర్లు చూపించి, ఇక నా వల్ల కాదని ఆగిపోయింది. ఆ తరువాత ఎంత తిరిగానో నాకూ తెలియదు.

నా గొప్పలు చెప్పుకోవడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఒక సంగతి నాకు తెలిసీ, చెప్పే దారి లేక ఒక మెకానిక్కు షెడ్డులో నలభై రోజులు నోరు మూసుకుని పడి ఉన్నాను. మూసుకోవడానికైనా నోరుండాలి కదా అంటారేమో. అదీ నిజమే.

నన్ను చేసినచోట నా ముందు భాగాన్ని బిగించినవాడు ఒక పొట్టి మనిషి. ప్రతి బోల్టూ బిగించాక దాని మీద పసుపురంగు గీత ఒకటి గీసేవాడు, ఇది నేను చూశాను అన్నట్టుగా. ముందు చక్రాలకూ ఇంజను బలం అందేలా నాకు ముందువైపు కూడా యాక్సిల్ పెట్టారు. బురదలో ఈదడానికీ, కొండలెక్కడానికీ పుట్టానని అక్కడ గోడలనిండా బొమ్మలు వేసి ఉండేవి. బొమ్మలు చూసి మనుషులే నమ్ముతారు, నేను నమ్మడంలో వింతేముంది?

విశాఖపట్నంలో నన్ను కొన్నాయన టైల్స్ వ్యాపారి. ఐదేళ్ళు ఆయన దగ్గరున్నాను. ఆ ఐదేళ్ళలో నేనెక్కిన అతి పెద్ద కొండ కల్యాణ మండపం ముందుండే ఏటవాలు. సీటు మరీ ఎత్తుగా ఉందనే ఆయన భార్య కోసం వెనకాల ఒక ప్లాస్టిక్ స్టూలు ఉండేది. నేను ఆగగానే డ్రైవరు దిగి ఆ స్టూలు వేసేవాడు, ఆవిడ మహారాణిలా దిగేది. కొండలెక్కే బండి కొని స్టూలెక్కడం మనుషులకే చెల్లింది.

ఆ తరువాత రోడ్లు వేసే కాంట్రాక్టరు చేతిలో పడ్డాను. ఆయన వేసిన రోడ్ల మీద ఆయనే తిరగాలంటే నాలాంటి బండి తప్పదు మరి. నా ముందు భాగంలో మొట్టమొదటి చప్పుడు పుట్టింది ఆయన రోడ్డు మీదే. నాలుగేళ్ళు పోయాక ఆ చప్పుడుతో సహా నన్ను అమ్మేశాడు. కొన్నవాడు సన్యాసినాయుడు.

నాయుడు కుర్రతనంలో విశాఖపట్నం చేపల రేవులో లారీ క్లీనరుగా చేరి, అక్కడే డ్రైవరయ్యాడు. ఇరవై ఏళ్ళు ఒకరి లారీలు తోలి తోలి, ఒకరి చేత ‘ఏరా’ అనిపించుకుని అనిపించుకుని, ఇక చాలనుకుని పెళ్ళాం దేముడమ్మ పుట్టిన ఊరు నర్సీపట్నం వచ్చేశాడు. ఉన్నదంతా ఊడ్చి నన్ను కొన్నాడు. మొదటిరోజు నా డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకోకుండా చాలాసేపు ఊరికే ఉండిపోయాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, యజమానిలాగ. ఆ కూర్చోవడం చూసి నాకు అతనంటే ఇష్టం కలిగింది.

ఎనిమిదేళ్ళు నేను మోసింది టీచర్లని. చింతపల్లి చుట్టుపక్కల బళ్ళలో ఉద్యోగాలు, నర్సీపట్నంలో కాపురాలు. వాళ్ళకి కుదిరే వేళకి బస్సులుండవు. అందుకని ఎనిమిది మంది కలిసి నెలవారీ బండి మాట్లాడుకుంటారు. పొద్దున్న ఆరుంబావుకి బస్టాండు ఎదుట ఎక్కడం, మళ్ళీ సాయంత్రానికి దిగడం. ఆ గుంపుకి పెద్ద సువార్త టీచరు. యాభై దాటిన మనిషి, ముందు సీటు ఆవిడది. తలకాయలు లెక్కపెట్టుకుని, డాష్‌బోర్డు మీద రెండుసార్లు తడితేగాని నాయుడు గేరు వెయ్యడు. ఘాట్‌లోనే పిల్లల పుస్తకాలు దిద్దేది. ఆవిడ పెట్టిన టిక్కు ఎటు వంకర తిరిగిందో చూసి, అది ఏ మలుపులో పెట్టిందో నేను చెప్పగలను.

నాయుడు నన్ను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది అతని మీద నేరంలా వినిపిస్తుంది.

చేపల రేవులో ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. అందుకని అక్కడి లారీలవాళ్ళు వారానికొకసారి లారీ కడుపు కింద కాలిన ఇంజనాయిలూ డీజిలూ కలిపి పిచికారీ కొడతారు. నాయుడికి అది అక్కడ అబ్బిన అలవాటు. నర్సీపట్నంలో సముద్రం లేదు, ఉప్పుగాలి లేదు. అయినా ఎనిమిదేళ్ళపాటు ఒక్క శనివారం కూడా తప్పించకుండా, నన్ను కడిగించి, గోనెసంచి పరుచుకుని నా కిందకి దూరి, ముక్కూ మూలా వదలకుండా ఆ నూనె కొట్టాడు. చుట్టాలొచ్చినా మానలేదు, జ్వరమొచ్చినా మానలేదు. పక్కవాళ్ళు నవ్వితే, బండి నోరులేనిదండీ, మనమే చూసుకోవాలి అనేవాడు.

లారీకి కిందంతా ఇనుప కట్టలు, నూనె పోస్తే వాటికి హాయి. నా సంగతి వేరు. నా ముందు చక్రాలని పట్టుకుని ఉండే ఇనుప ఆర్ములు రబ్బరు బుష్షుల మీద ఊగుతాయి. రోడ్డు కొట్టే ప్రతి దెబ్బనీ ముందు ఆ రబ్బరు తింటుంది, మిగిలింది నేను తింటాను. నూనె పడితే రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పాచిపోయిన పిండిలా బయటికి వస్తుంది. ప్రతి శనివారం అతను నా కిందకొచ్చి పాట పాడుకుంటూ పిచికారీ కొడుతుంటే నాకు చెప్పుకోలేని బాధగా ఉండేది. తిట్టేవాడి నుంచి తప్పించుకోవచ్చేమో కానీ, ఇంత ప్రేమగా చంపేవాడి నుంచి ఎలా తప్పించుకోవాలి?

అది ఒక్కటే అయితే ఇంత కథ లేదు. ఆ నూనె మీద ఘాట్‌రోడ్డు ధూళి పడి, మళ్ళీ నూనె పడి, మళ్ళీ ధూళి పడి, నా కడుపు కింద బొటనవేలు మందాన నల్లటి పెచ్చు కట్టింది. కిందటేడు వానల్లో లంబసింగి దగ్గర కల్వర్టు మీద నీళ్ళు నిలిచి, గొయ్యి కనబడక ఎడమ చక్రం అందులో పడింది. రబ్బరు అప్పటికే పోయింది కాబట్టి దెబ్బ నేరుగా ఇనుముకి తగిలింది. ఎడమ ఆర్ము, నన్నంతా మోసే ఇనుప చట్రమైన నా చాసిస్‌కి అతికే చోట వెంట్రుకంత పగులు పుట్టింది. ఆ శనివారం నాయుడు దాని మీద శ్రద్ధగా నూనె కొట్టాడు. పైన పెచ్చు కమ్మేసింది. ఇక ఆ పగులు సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఏప్రిల్‌లో బళ్ళకి సెలవులిచ్చిన రోజు. మధ్యాహ్నం ఘాట్ దిగుతున్నాం. నా మీద నాలుగు పనసకాయలున్నాయి, లోపల ఎనిమిది మంది ఎవరి సెలవుల కబుర్లు వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఎడమవైపు లోయ ఉండే మలుపులో నా ఎడమ చక్రం ఉన్నట్టుండి లోపలికి వాలింది. స్టీరింగు నాయుడి చేతుల్లోంచి తనంతట తనే తిరిగిపోయింది. రోడ్డంచు జానెడు దూరంలో ఉండగా అతను నన్ను బలవంతాన కొండవైపు లాగి ఆపాడు. కబుర్లాగిపోయాయి.

నాయుడు దిగాడు. చక్రం చూశాడు, దాని కిందా చూశాడు. అక్కడేమీ లేదు. అప్పుడు రోడ్డంచున ఉన్న రాయినొకదాన్ని కాలితో లోయలోకి తన్ని, నవ్వుకుంటూ వచ్చి ఎక్కాడు. చక్రం కింద రాయి పడిందండీ, తీసేశాను అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సువార్త టీచరు దేవుడికి దండం పెట్టుకుని, మళ్ళీ డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టింది. ఊరు చేరేదాకా నాయుడి అరచేతులు స్టీరింగు మీద తడితడిగానే ఉన్నాయి.

వారం తిరక్కుండా నన్ను దాలయ్య షెడ్డుకి తెచ్చాడు. కొండకి వెళ్ళే రోడ్డు పక్కనే ఆ షెడ్డు. దాలయ్య అరవై ఏళ్ళ మెకానిక్కు, నాయుడికి వరస కలుపుకున్న మావ. ఏ బండి వచ్చినా దాలయ్య ముందు బండిని ముట్టుకోడు. తోలేవాడిని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలడుగుతాడు. బండి ఎక్కడ తిరుగుతుంది, ఎవరిని మోస్తుంది, ఆఖరుసారి నిన్ను ఎక్కడ భయపెట్టింది. మూడోదానికి వచ్చిన జవాబుని బట్టే ఎక్కడ విప్పాలో తేల్చుకుంటాడు. బండి చప్పుడు అబద్ధమాడొచ్చు కానీ తోలేవాడి భయం అబద్ధమాడదని ఆయన నమ్మకం. ఇంకొక నియమం కూడా ఉంది. ఏం చెయ్యమంటావో యజమాని నోటితో చెప్పేదాకా స్పానరు పట్టడు.

మొదటి రెండింటికీ నాయుడు జవాబు చెప్పాడు. మూడోదానికి, ఎక్కడా భయపెట్టలేదు మావా, చప్పుడొస్తోంది అంతే అన్నాడు. నేనప్పుడే జాకీ మీదకి లేచి ఉన్నాను. చెప్పు నాయుడూ, ఆ మలుపు సంగతి చెప్పు అని నా ఇనుమంతా అరిచింది. జాకీ కిర్రుమన్నదేమో, అంతకంటే ఏమీ వినబడి ఉండదు.

దాలయ్య కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు, టకటకమంది. చేత్తో తిప్పి చెవి పెట్టాడు, బేరింగు మూలిగింది. ముందు యాక్సిల్ చివర రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజంతా కారిపోయి, లోపల ఇసుక చేరి ఉంది. కుడివైపు బుష్షుని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. ఆయన ఆ వేలుని నాయుడి ముక్కు దగ్గర పెట్టాడు.

“రబ్బరుకి నూనె తాగిస్తే బతుకుతాదేటి నాయుడూ? వారం వారం పోసి పోసి నువ్వే సంపేసినావు.”

నాయుడు నమ్మలేదు. నమ్మితే ఎనిమిదేళ్ళ శనివారాలు ఏమైపోవాలి? కంపెనీ రబ్బరే నాసిరకమన్నాడు, నకిలీ సామాన్లొస్తున్నాయన్నాడు. దాలయ్య వాదించలేదు. రెండువైపులా ఆర్ములు, బుష్షులు, బేరింగులు, యాక్సిల్, అన్నీ విప్పి కొత్తవి వేస్తే బండి ఇంకో మూడేళ్ళు కొండెక్కుతుందని చెప్పాడు. కుడివైపు మట్టుకే చేస్తే నడుస్తుంది కానీ తాను హామీ ఇవ్వనన్నాడు. ఏదీ వద్దనుకుంటే పాత ఇనుముకి తోలెయ్యమన్నాడు. నాయుడు ఆలోచించి చెప్తానన్నాడు.

ఆలోచించడం మనుషులు ఎంత ఇష్టంగా చేస్తారో, తేల్చుకోవడం అంత కష్టంగా చేస్తారు. రోజూ పొద్దున్నే వచ్చేవాడు. నా ఎదురుగా పాత టైరు మీద కూర్చునేవాడు. అన్నీ మార్పిస్తే చేతిలో ఉన్నదీ లేనిదీ నాకే పెట్టాలి. మార్పించకపోతే ఆ మలుపు కళ్ళ ముందు నుంచి పోదు. అమ్మేస్తే మళ్ళీ ఒకరి బండి తోలాలి. ఏ దారిన ఆలోచన మొదలెట్టినా తిరిగి ఆ టైరు మీదకే వచ్చి కూర్చునేది.

నా పరిస్థితి అంతకంటే గొప్పగా ఏమీ లేదు. నా ముందు చక్రాలు రెండూ విప్పి, నాకు కనబడేలా గోడకి ఆనించారు. చాసిస్ కింద రెండు ఇనుప స్టాండులు పెట్టారు. ముందుకి గోడ, వెనక్కి షట్టరు. గోడ మీద నిరుటి క్యాలెండరు. బయట ఘాట్‌కి వెళ్ళే బళ్ళు గేరు మారుస్తుంటే వింటూ ఉండేదాన్ని. పరుగెత్తడానికి పుట్టినదాన్ని, గాలిలో కాళ్ళు లేకుండా వేలాడుతున్నాను. అన్నిటికంటే బరువైంది ఆ పగులు. దాన్ని ఎవరైనా చూడాలని పగలల్లా కోరుకునేదాన్ని. చూస్తే నా పని అయిపోతుందని అంతలోనే వణికేదాన్ని. చెప్పాలనీ ఉంది, దాచాలనీ ఉంది. నాయుడూ నేనూ ఒకే గోతిలో పడి ఉన్నాం, ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోలేకపోతున్నాం.

మే నెలాఖరులో సువార్త టీచరు వచ్చింది. స్కూళ్ళు జూన్ పన్నెండున తెరుస్తారు, నన్ను ఎప్పటికి బయటికి తెస్తావని అడిగింది. వేరే బళ్ళవాళ్ళు మైదానం మీదైతే వస్తామంటున్నారు, పొద్దున్న ఆరుంబావుకి ఘాట్ అంటే పెదవి విరుస్తున్నారట. ఆవిడే ఒక దారి చెప్పింది. ఇప్పటికి అవసరమైనంతవరకు చేయించు, మిగతాది దసరా సెలవుల్లో చూసుకుందువు గాని, మేమంతా ఒప్పుకున్నాం, నీ మీద మాకు నమ్మకం అంది. నిజంగా మంచి మనసుతోనే అంది. ఎక్కేవాళ్ళే పరవాలేదంటుంటే తోలేవాడు ఎంతకని కాదంటాడు? నాయుడు తలూపాడు.

దాలయ్యకది నచ్చలేదు. కుడివైపు విప్పేముందు మూడో ప్రశ్న మళ్ళీ అడిగాడు. నాయుడు మళ్ళీ ఎక్కడా లేదన్నాడు. కుడివైపు ఆర్ము, బుష్షులు, బేరింగు కొత్తవి పడ్డాయి. ఎడమవైపు ఆర్ముని ఊపి చూసి, దసరాదాకా లాగుతుందిలే అని దాలయ్య పెచ్చు జోలికి పోకుండా వదిలేశాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు సంతోషమేసింది. కుడి చక్రం మళ్ళీ తొడిగినప్పుడు పగులూ లేదు, లోయా లేదు అనుకున్నాను. మళ్ళీ పొగమంచులోకి వెళ్తాను, మళ్ళీ డాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు పడతాయి, అది చాలనుకున్నాను. మనుషుల మధ్య పదిహేడేళ్ళు బతికాను మరి, వాళ్ళ బుద్ధి ఎంతో కొంత అంటకుండా ఎలా ఉంటుంది?

జూన్ పదిన సువార్త టీచరు మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట ఇరవై మూడేళ్ళ అమ్మాయి, ఆ అమ్మాయి తల్లి ఉన్నారు. టీచర్లలో ఒకరికి బదిలీ అయింది, ఆ ఖాళీలోకి ఈ అమ్మాయికి మొదటి పోస్టింగు. తల్లి ఏలూరు వైపు మనిషి, కొండరోడ్డు ఎరగదు. కూతురు రోజూ ఎక్కబోయే బండిని తన కళ్ళతో చూడాలని పట్టుబట్టి వచ్చింది. నా చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ చక్రం లేకపోవడం చూసి, బండి మంచిదేనా బాబూ అని నాయుణ్ణి అడిగింది.

అతనికంటే ముందు సువార్త టీచరే అందుకుంది. “ఎనిమిదేళ్ళుగా ఈ ముందు సీట్లోనే కూర్చుంటున్నానండీ. మొన్నొకసారి రాయి పడితే కూడా నాయుడు వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. మీ అమ్మాయికి నాదీ పూచీ. ఏం నాయుడూ?”

అవునండీ అంటే చాలు. నాలుగు అక్షరాలు. నాయుడు ఆ తల్లి మొహం చూశాడు, అమ్మాయి భుజానికి తగిలించుకున్న కొత్త బ్యాగు చూశాడు.

“ఆ రోజు రాయి కాదండి టీచరుగోరూ.”

షెడ్డులో అంతవరకు వినబడుతున్న సుత్తి చప్పుడు ఆగింది. దాలయ్య తలెత్తాడు.

“మరి నువ్వు దిగి రాయి తీసి పారేశావు కదా,” అంది సువార్త టీచరు.

“ఏదో ఒక రాయిని తన్నీసినానండి. చక్రం దానంతటదే తిరిగిపోనాది. నా సేతిలో ఏటీ నేదు ఆ టయానికి. మీరు బయపడతారని సెప్పనేదు.”

“మేం భయపడతామనా? మేం మానేస్తామనా?”

నాయుడు నేల చూశాడు. “రెండూనండి.”

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. ఆ తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని బయటికి నడిచింది. రోడ్డు మీదకి వెళ్ళాక ఆ అమ్మాయి తల్లి ఏదో అడగడం, ఆవిడ జవాబివ్వకపోవడం నాకు తెలిసింది.

నలభై రోజులు ఆలస్యంగానైనా మూడో ప్రశ్నకి జవాబొచ్చింది, దాలయ్యకది చాలు. కిరసనాయిలు డబ్బా, ఉలి, తీగబ్రష్షు పట్టుకుని నా ఎడమవైపు కింద దూరాడు. ఎనిమిదేళ్ళ శనివారాలని పెచ్చులు పెచ్చులుగా రాల్చాడు. ఉలి తగిలినచోటల్లా నాకు నొప్పి లేదు, కేవలం భయం. చివరికి ఆయన చెయ్యి ఆగింది. బ్యాటరీ లైటు వేసి నాయుణ్ణి కిందకి పిలిచాడు. ఇద్దరూ వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశారు. వెంట్రుకలా పుట్టింది జానెడు పెరిగి, ఆర్ము అతుకు దాటి నా చాసిస్ లోపలికి పాకింది.

ఆర్ము విరిగితే మార్చొచ్చు, చాసిస్ చీలితే అతకడమే తప్ప మార్చడం ఉండదని దాలయ్య చెప్పాడు. అతికితే మైదానంలో ధాన్యం బస్తాలు మోస్తుంది. మనుషుల్నెక్కించుకుని కొండెక్కితే ఏదో ఒక మలుపులో ఊడుతుంది. నాయుడు నా కింద నుంచి లేవకుండా, చేత్తో ఆ పగులుని తడుముతూ అలాగే ఉండిపోయాడు. తరువాత కళ్ళు తుడుచుకున్నాడు. చేతికంటిన నూనె మొహానికంతా అయింది.

కబురు పొక్కింది. మర్నాడు బళ్ళ బ్రోకరు వచ్చాడు. నా ఇంజను మంచిదని వాడికి తెలుసు. నాయుడు వాణ్ణి నా కిందకి తీసుకెళ్ళి పగులు తానే చూపించాడు. వాడు చూసి, ఇంతేనా అన్నాడు. మీద ఇనుప బద్ద పెట్టి అతికించి నల్లరంగు కొడితే పాడేరు వైపు నిక్షేపంలా తిరుగుతుంది, తన దగ్గర కొనేవాళ్ళు కాచుకుని ఉన్నారు అన్నాడు. ఆ కొనేవాళ్ళకి పగులు సంగతి చెప్తావా అని నాయుడు అడిగాడు.

“నాకు తెలిసినాది కదా, సాలు. ఎక్కేవోళ్ళకెందుకేటి?”

మీరు నన్ను ఏమన్నా అనుకోండి, ఆ మాట నాకు తీయగా వినిపించింది. పోనియ్యి నాయుడూ, నన్ను పోనియ్యి అనుకున్నాను. ఏ కొండైనా సరే, ఎవరి చేతుల్లోనైనా సరే, ఈ గోడ ముందు నుంచి కదిలిస్తే చాలనుకున్నాను. బతకాలని ఎవరికుండదు? కానీ నాయుడి మొహం పాలిపోయింది. బ్రోకరు అన్నది తన మాటే. కాకపోతే తాను రాయిని తన్ని చెప్పాడు, వాడు నవ్వుతూ చెప్పాడు.

ఆలోచించి చెప్తానని వాణ్ణి పంపించేశాడు. మర్నాడు పొద్దున్న దేముడమ్మ అన్నం క్యారేజీ తెచ్చి, అతను టైరు మీదుంటే, తను పక్కనే పీట మీద కూర్చుంది. నన్ను కొన్నప్పుడు తన చెవుల బంగారం ఇచ్చిన మనిషి. అమ్మెయ్యమని ఆవిడే అంటుందనుకున్నాను.

“ఏప్రిల్ నుంచి నీకు నిద్దర్నేదు. సూత్తానే ఉన్నాను,” అందావిడ. “ఇప్పుడిది అమ్మీసి ఆ కొండ మీద ఏటైనా అయితే, ఇంక సచ్చేదాకా నిద్దరుండదు. జీడిపిక్కల కంపెనీలో నన్ను రమ్మంతన్నారు. నాను ఎల్తాను. నువ్వు ఏదో ఒకటి తేల్చీ.”

నాయుడు అన్నం తినలేదు. లేచి దాలయ్య దగ్గరకెళ్ళి ఏదో చెప్పాడు. దాలయ్య నమ్మలేనట్టు చూసి, గ్యాసు సిలిండరు దొర్లించుకుంటూ వచ్చాడు. ఆ సిలిండరు ఎందుకో నాకు తెలుసు. ఆ షెడ్డులో నా ముందే రెండు బళ్ళు దాని మంటకి ముక్కలైపోయాయి.

నా ఇంజను విప్పారు, సీట్లు విప్పారు. చాసిస్‌ని రెండు ముక్కలు కోసేస్తే ఇక ఏ బ్రోకరూ, ఏ రంగూ నన్ను మనుషుల కిందకి తేలేవు. ముట్టించేముందు దాలయ్య తన నియమం తప్పలేదు. నోటితో చెప్పమన్నాడు.

“కోసీ మావా,” అన్నాడు నాయుడు.

నాకు భయమేసింది. చాలా భయమేసింది. అది దాచుకునే ఓపిక నాకు లేదు. నీలిమంట నా మీద పెట్టినప్పుడు నాయుడు నా తలుపు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. రవ్వలు కాళ్ళ దాకా వస్తున్నాయి, పక్కకి జరగమని దాలయ్య కేకేశాడు. అతను జరగలేదు. ఇన్నేళ్ళలో నన్ను కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ ఉన్నారు కానీ, నేను పోతుంటే పట్టుకుని నిలబడినవాడు ఇతనొక్కడే. నూనె పోసింది ఇతనే, కోయించింది ఇతనే. అయినా అతని మీద కోపం తెచ్చుకుందామంటే నాకు రాలేదు.

మూడురోజుల తరువాత సువార్త టీచరు వచ్చి, రెండు ముక్కలుగా పడి ఉన్న నన్ను చూసింది. తరువాత నాయుడితో చెప్పింది. అనకాపల్లి ఆసామి ఒకాయన కొత్త బండి పెడుతున్నాడు, ఘాట్ తోలేవాడు కావాలంటున్నాడు. ఎనిమిది మందిలో ఇద్దరు మట్టుకు నువ్వు తోలే బండి ఎక్కేది లేదన్నారు, వాళ్ళని నేను బలవంతపెట్టను. మిగతావాళ్ళు వస్తారు. ఆ కొత్త అమ్మాయి కూడా వస్తుంది. చిన్న చప్పుడొచ్చినా ముందు నాకు చెప్పాలి అంది. నాయుడు చెప్తానన్నాడు. ఎవరి కింద పనిచెయ్యకూడదని నన్ను కొన్నవాడు, మళ్ళీ ఒకరి బండి తాళం తీసుకోవడానికి ఆవిడ వెనకాలే నడిచి వెళ్ళాడు.

నా ముందు సగం ఇంకా దాలయ్య షెడ్డు బయటే ఉంది, రోడ్డు వైపు మొహం పెట్టి. ఇనుము కొనేవాడు రేపంటాడు, ఎల్లుండంటాడు. పొద్దున్న ఆరున్నరకి ఆ కొత్త బండి ఘాట్‌కి వెళ్తూ ఇటే పోతుంది. నాయుడు నా వైపు చూడడు, కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. నేను మాత్రం ఆ బండి ముందు చక్రాలు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టి వింటాను. ఇంతవరకు ఏ చప్పుడూ లేదు.